పదో బోల్టు

సోమవారం

బండి ఇంజన్ కవరుకి పది బోల్టులు. తొమ్మిది ఊడొచ్చాయి.

పదోది కింద, ముందు వైపు, పొగగొట్టం వంపు తిరిగే చోట ఉంది. ముందు చక్రం విసిరే బురద అంతా దాని మీదే పడుతుంది. గొట్టం వేడి కూడా దానికే తగులుతుంది. మిగతా తొమ్మిదీ ఎండలో ఆరి, గాలికి చల్లబడి సుఖంగా బతికాయి. ఇది ఒక్కటే కష్టపడింది. అందుకే కాబోలు కదలనంటోంది.

కిక్ రాడ్డు కిందికి దిగి అక్కడే వేలాడుతోంది. లోపల స్ప్రింగు తెగింది. కొత్త స్ప్రింగు తెచ్చి గూట్లో పెట్టాను. కవరు ఊడితే మిగతాది టీ చల్లారేలోగా అయిపోయే పని.

నెట్టి స్టార్ట్ చేసుకోవచ్చు కదా వదినగారూ, అన్నాడు మరిది, మా చెల్లెలి మొగుడు. నెట్టేవాళ్ళు కావాలి. ముప్పై ఏళ్ళు ఈ బండి మీద వార్తల కోసం తిరిగాను, కాస్త నెట్టండి నాయనా అని ఎవరినీ అడగలేదు. రిటైరయ్యాక మొదలుపెడతానా?

స్పానర్ జారింది. దాని నోరు అరిగిపోయింది. కొత్తది కొనాలి.

పెన్ను కూడా మార్చాలి. అక్షరాలు సరిగా పడడం లేదు.


మంగళవారం

కొత్త రింగు స్పానర్. కొట్టువాడు జీవితకాలం గ్యారంటీ అన్నాడు. ఎవరి జీవితం అని అడిగాను. నవ్వాడు గానీ చెప్పలేదు.

అది కూడా జారింది. వేళ్ళ కణుపులు ఇంజన్ రెక్కలకి కొట్టుకుని తోలు లేచింది. బోల్టు తలకి ఉన్న ఆరు అంచుల్లో మూడు పోయాయి. ఇనుములో నాణ్యత లేదు.

అమ్మ మెట్ల మీద కూర్చుని చూస్తోంది. బండి ఉండేది ఆ మెట్ల కిందే.

"నిన్న పాత స్పానర్‌ది తప్పన్నావు."

"అవును."

"ఇవాళ?"

"బోల్టుది."

"ఆడలేక మద్దెల ఓడని. నీ చెయ్యి వణుకుతోందే పెద్దదానా. ఇక్కడికి కనిపిస్తోంది."

అమ్మకి ఎనభై దాటాయి. ఒక కంట్లో శుక్లం ఉంది. గేటు దగ్గర పాలవాడు నిలబడితే పోస్టుమాన్ అంటుంది. ఆ మాట గుర్తు చేశాను.

"పాలవాణ్ణి పోల్చుకోలేకపోవచ్చు. నిన్ను కన్నాను," అంది.


బుధవారం

చెల్లెలు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఇంట్లో కూడా చెబుతుంది. ఇవాళ సాయంత్రం స్కూలు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా బండి ముందు నిలబడి, పాత బండ్లు కొనే ఆయనతో మాట్లాడి వచ్చానంది. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం వస్తాడట.

"బండి నాది," అన్నాను.

"బండి నీదే. నువ్వు పడితే ఎత్తుకొచ్చేది నేను. పోయిన నెల గేటు స్తంభానికి గుద్దావు."

"గేటు ఇరుకు."

"ఇరవై ఏళ్ళుగా అదే గేటులోంచి వస్తున్నావక్కా."

"స్తంభం లోపలికి వంగింది."

"సిమెంటు స్తంభం."

మరిది నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు. పెళ్ళయిన కొత్తలో ఈ ఇంట్లో అక్కాచెల్లెళ్ళ మధ్య దూరకూడదని నేర్చుకున్నాడు. అప్పటి నుంచీ ఆరోగ్యంగా ఉన్నాడు.

చెల్లెలు పందెం పెట్టింది. ఆ ఆదివారానికి నా చేత్తో నేనే ఆ బోల్టు తీసి, స్ప్రింగు మార్చి, నేనే కిక్ కొట్టి స్టార్ట్ చేస్తే బండి ఉంటుంది. ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. కాకపోతే కొనేవాడు పట్టుకుపోతాడు, నేను నోరెత్తకూడదు. దాంతోపాటు నరాల డాక్టరు దగ్గరికి నోరు మూసుకుని రావాలి.

"నరాల డాక్టరు ఎందుకు మధ్యలో?"

"నీకు తెలుసు ఎందుకో."

నాకు తెలియదు. పందానికి మాత్రం సరేనన్నాను.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నాకొక నియమం ఉండేది. ఏ విషయమైనా రెండు చోట్ల నిర్ధారణ కావాలి. ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరికి సంబంధం ఉండకూడదు. అమ్మా, చెల్లెలూ ఒకే ఇంట్లో ఉంటారు, వంటింట్లో కూర్చుని నా గురించే మాట్లాడుకుంటారు. అది రెండు చోట్ల కింద రాదు. ఒక చోటే.


గురువారం

బోల్టు చుట్టూ కిరోసిన్ పోశాను. నానుతోంది.


శుక్రవారం

నానుతోంది. ఇల్లంతా కిరోసిన్ వాసన. అన్నంలో కూడా వస్తోందని అమ్మ అంది. రాలేదు. నేను తిన్నాను.

బ్యాంకుకి వెళ్ళాను. సంతకం కలవడం లేదని కౌంటర్లో అమ్మాయి రెండోసారి పెట్టమంది. అదీ కలవలేదంది. ఆ అమ్మాయి కొత్త. లోపలి నుంచి మేనేజరు వచ్చి నన్ను చూసి నమస్కారం పెట్టి పని చేయించాడు. ఆ అమ్మాయి అన్నది సంతకం గురించి. చేతి గురించి కాదు.


శనివారం

సైలెన్సర్ వచ్చాడు. పిలవలేదు, బండి మూలన పడిందని విని వచ్చాడు. వీధి చివర మెకానిక్ షెడ్డు అతనిది. ఎవరు పెట్టారో ఆ పేరు. బండ్లన్నిటికీ సైలెన్సర్లు బిగిస్తాడు గానీ తన నోటికి ఒకటి బిగించుకోవడం మరిచాడు.

గొంతుక్కూర్చుని బోల్టు మీద వేలు పెట్టి తిప్పాడు.

"అక్కా, దీనికి గుండు కొట్టేశారు ఎవరో."

"నేనే."

"మంచి పని. ఇంక స్పానర్ ఏది పెట్టినా పట్టదు. గ్రైండర్ తెస్తా. తల కోసేద్దాం. తల పోతే కవరు దానంతటదే వస్తుంది, మిగిలిన మొండేన్ని తీరిగ్గా పట్టుకుని తిప్పొచ్చు."

"గ్రైండర్ చక్రం కవరుకి తగులుతుంది. గాటు పడుతుంది."

"పడితే పడనీ. ఈ వయసులో దానికి సంబంధాలు చూడాలా?"

"నాకూ చూడక్కర్లేదు. అలాగని ముఖం మీద గాటు పెట్టించుకుంటానా?"

నవ్వి నా చేతిలో స్పానర్ అందుకోబోయాడు. పందెం సంగతి చెప్పి వద్దన్నాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గానీ నోరు తీసుకోలేదు.

"సరే, చెయ్యి వెయ్యను. మాట వెయ్యొచ్చా? వదులు చెయ్యాలంటే ముందు బిగించాలక్కా. వెంట్రుకంత బిగించు. అప్పుడు లోపల పట్టు విరుగుతుంది. మనం తీస్తున్నామని దానికి తెలియకూడదు."

వెళ్ళేటప్పుడు గేటు స్తంభం చూసి, ఇదెవరు గుద్దారక్కా, అన్నాడు. వంగిందని చెప్పాను. స్తంభాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. మొదటిసారి ఏమీ మాట్లాడలేదు.


ఆదివారం

బిగించాను. కదల్లేదు.


సోమవారం

పొద్దున వంటింట్లో రెండు స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి. చెల్లెలు నేలకేసి కొట్టబోయింది. అమ్మ లాక్కుంది. లోపలి గ్లాసులో చన్నీళ్ళు పోసింది. కింది గ్లాసుని వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టింది. కాసేపు వేరే మాటలు మాట్లాడి, రెండు వేళ్ళతో పైకి లాగింది. వచ్చేసింది. ఇది నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఇంజన్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. వేడికి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. వారం రోజులు బురద వైపు నుంచి ఆలోచించాను గానీ గ్లాసుల వైపు నుంచి ఆలోచించలేదు.

పొగగొట్టం విప్పి పక్కన పెట్టాను. కిరోసిన్ అంతా తుడిచాను. మళ్ళీ తుడిచాను. ఎండలో ఆరనిచ్చాను. ఇల్లు తగలబెట్టి బోల్టు తీసిన మహిళ అని నా పాత పత్రికలోనే వేస్తారు.

వేడికి ఇస్త్రీపెట్టె. ముక్కు వైపు సన్నగా ఉంటుంది, బోల్టు పక్కన అల్యూమినియం మీద చక్కగా ఆనింది. బోల్టు తల మీద గుడ్డలో చుట్టిన మంచుముక్క. రెండు చేతులూ సరిపోయాయి. తర్వాత స్పానర్ పెట్టి, ముందు బిగించే వైపు నెట్టాను.

కిర్రుమంది.

వెంట్రుకంత. నేను చూశాను. బోల్టు తల మీద చిన్న గీత గీసి పెట్టుకున్నాను, ఆ గీత జరిగింది. వదులు చేసే వైపు తిప్పాను. మళ్ళీ అంతే జరిగింది. మూడోసారి స్పానర్ జారింది. మిగిలిన అంచులు కూడా పోయాయి. ఇప్పుడు తల పూర్తిగా గుండ్రం. గోలీలా ఉంది.

అయినా జరిగింది. జరగదన్నదే అబద్ధం.

టీ సగం కప్పే పోయమంటున్నాను ఈ మధ్య. చక్కెర తగ్గించాలి కదా.


మంగళవారం

మరిది తెల్ల చొక్కా వీపు మీద పడవ ఆకారంలో నల్లటి మచ్చ. ఇస్త్రీపెట్టె అడుగున గ్రీజు తుడవడం మరిచాను. ఆఫీసులో సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేదట.

"వదినగారూ, ఇంజన్‌కి ఇస్త్రీ అయితే చెప్పండి, తర్వాత నా చొక్కా ఇస్తాను," అన్నాడు.

కొత్త చొక్కా కొనిస్తానన్నాను. వద్దు, కొనేవాడికి బండితో పాటు ఇది కూడా ఇచ్చేద్దాం, అన్నాడు. చెల్లెలు నవ్వింది. నేను నవ్వలేదు.


బుధవారం

గుండ్రటి తలకి రెండు వైపులా ఆకురాయితో చదును చేస్తే చిన్న నంబరు స్పానర్ పడుతుంది. పదో నంబరు తల పోయింది. ఎనిమిదో నంబరు తల లోపల ఉంది. బయటికి తీయాలి.

చదును రెండు వైపులా సమానంగా రావాలి. ఒక వైపు ఏటవాలుగా వస్తే మళ్ళీ జారుతుంది, అప్పుడింక రుద్దడానికి కూడా ఇనుము మిగలదు. ఇది ఆఖరి అవకాశం.

మొదలుపెట్టాను. ఆకురాయి బోల్టు మీద ఆనించేటప్పుడే తిప్పలు. రెండుసార్లు కవరు మీద గీత పడింది. సైలెన్సర్‌ని గాటు పెట్టొద్దన్నాను, నేనే పెట్టాను. ఆనాక, నొక్కి తోస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఆకురాయి పనికి చెయ్యి బాగుంటుంది.

అంటే చెయ్యి బాగానే ఉందని.


గురువారం

మెట్ల కింద మధ్యాహ్నం కూడా వెలుతురు చాలదు. చెల్లెలికి సెలవు. అడక్కుండానే వచ్చి పక్కన పీట వేసుకుని టార్చి పట్టుకుంది. లైటు పట్టుకోవడం చెయ్యి వేయడం కిందికి వస్తుందా అని అడిగాను. పందెం పెట్టింది తనే కాబట్టి నిబంధనలు తనవేనంది.

ఆకురాయి శబ్దం ఒక్కటే. ఇనుప రజను కాగితం మీద పడుతోంది.

"లైటు కదపకు," అన్నాను.

"కదపడం లేదు."

"ఊగుతోంది."

"లైటు ఊగడం లేదక్కా."

నేను ఆకురాయి వైపు చూడలేదు. బోల్టు వైపే చూశాను.

"నీకెంత కోపం వచ్చినా సరే అడుగుతా," అంది. "మీ ఆఫీసులో నీ పక్క సీటాయనకి గుండెనొప్పి వస్తే గ్యాస్ అన్నాడని ఎన్నిసార్లు తిట్టుకున్నావు? కళ్ళెదుట ఉన్నది రాసుకోలేని విలేకరి అని నువ్వే కదా అన్నావు."

"ఆయన విషయం వేరు. ఆయనకి ఈసీజీ ఉంది."

"నీకూ ఉంటుంది. వెళ్తే."

"ఆదివారం తర్వాత."

"ఓడిపోతేనా, గెలిస్తేనా?"

ఆకురాయి తిప్పి రెండో వైపు మొదలుపెట్టాను. లైటు నిలకడగా ఉంది. అది రాసుకోవాలి. లైటు నిలకడగానే ఉంది.


శుక్రవారం

చదును రెండు వైపులా వచ్చింది. ఎనిమిదో నంబరు ఎక్కడం లేదు. ఇంకా కొంచెం.

భుజాలు నొప్పి. అమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుని, "మొండివాడు రాజుకన్నా బలవంతుడు," అంది. కాసేపాగి, "మొండిది అయితే రాజు ఇల్లు ఖాళీ చేసి పోవాలి," అంది. పొగిడిందో తిట్టిందో తేల్చుకోలేదు. లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది. సగం గ్లాసే తెచ్చింది. నేను సగమే అడుగుతానని ఆమెకెవరు చెప్పారు?


శనివారం

ఎక్కింది.

వేళ్ళతో నొక్కితే ఎక్కలేదు. సుత్తితో చిన్నగా తట్టితే ఎక్కింది. బిగుతుగా, సందు లేకుండా. అదే కావాలి. స్పానర్ పట్టుకుని ఉండక్కర్లేదు, అదే పట్టుకుని ఉంటుంది.

ఇస్త్రీపెట్టె. మంచు. చెల్లెలు దూరంగా నిలబడింది, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తాను చెయ్యి వేయడం లేదని అందరికీ తెలిసేలా. మరిది తన చొక్కాలన్నీ లోపల పెట్టి తలుపేసి వచ్చాడు. అమ్మ మెట్టు మీద.

ముందు బిగించే వైపు స్పానర్ చివర సుత్తితో ఒక దెబ్బ. గట్టిగా కాదు, టక్కుమనేలా. తర్వాత వదులు వైపు ఒకటి. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. లాగితే జారుతుంది, కొడితే కదులుతుంది. లాగడానికి నిలకడ కావాలి. కొట్టడానికి గురి చాలు, అదీ సుత్తి తల వెడల్పంత. ఒకటి తప్పి కవరుకి తగిలింది. మిగతావి తగిలాయి.

"నీ వణుకేదో దానికి అంటించవే, అదే ఊడొస్తుంది," అంది అమ్మ.

"అమ్మా," అంది చెల్లెలు.

"ఏం, తప్పేముంది? పనికొచ్చేదాన్ని వాడుకోవద్దా?"

నవ్వొచ్చింది. నవ్వుతూనే కొట్టాను. కుయ్యిమంది. స్పానర్ పావు వంతు తిరిగింది. ఇంకో పావు. ఆ తర్వాత సుత్తి పక్కన పెట్టి వేళ్ళతో తిప్పాను.

బోల్టు అరచేతిలో పడింది. వేడిగా ఉంది. దాని మరచుట్ల నిండా తెల్లటి పొడి. నేను తుప్పు అనుకుంటూ వచ్చాను. తుప్పు కాదు, అల్యూమినియం పొడి. ఇన్నాళ్ళూ ఉక్కుని పట్టుకున్నది ఇంజనే. ఉక్కుకి తప్పు లేదు. మొదటి మంగళవారం నాణ్యత లేదని రాశాను, అది దిద్దుకుంటున్నాను.

కవరు తీశాను. స్ప్రింగు రెండు ముక్కలుగా ఉంది. కొత్తది వేశాను. దాని కొక్కెం తగిలించడానికి ముక్కుపట్టకారుతో చాలాసేపు పట్టింది. ఎంతసేపో రాయను. ఎవరూ చెయ్యి వేయలేదు. కవరు పెట్టి పది బోల్టులూ కొత్తవి వేశాను. పదోదాని మరలకి గ్రీజు పూశాను. తర్వాత విప్పేవాళ్ళకి సులువుగా రావాలి.

పొగగొట్టం తిరిగి బిగించి ఆయిల్ పోశాను. కొంత కింద పోయింది.

స్టార్ట్ చేయడం రేపు. కొనేవాడి ముందే.


ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కొనేవాడు పొద్దున్నే వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, చేతిలో చిన్న అద్దం. ఇంజన్ అడుగున లీకులు చూడ్డానికట. బండి చుట్టూ తిరిగాడు. ట్యాంకు మీద వేలితో కొట్టాడు. కవరు మీద గీతలు చూసి పెదవి విరిచాడు. పాత ఆకురాయి పని అన్నాడు. కొత్తదన్నాను.

కిక్ కొట్టాను. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి దగ్గింది. మూడోసారి అందుకుంది. ఆ శబ్దం వినక చాలా రోజులైంది. ఇంజన్ దానంతటదే నిలకడగా, ఒకే వరసలో కొట్టుకుంటోంది. మెట్ల మీద అమ్మ చప్పట్లు కొట్టింది. చెల్లెలు, "సరే. గెలిచావు," అంది. కోపంగా అనలేదు.

పందెం అక్కడితో అయిపోయింది. అయినా కొనేవాడు వెళ్ళలేదు. వచ్చినందుకు ఒకసారి వింటానన్నాడు.

"కొంచెం రేజ్ చేయండమ్మా."

కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద వేశాను.

శబ్దం పెరిగింది. పెరిగి నిలబడలేదు. పెరిగింది, తగ్గింది, పెరిగింది, తగ్గింది. చిన్నగా, వెంటవెంటనే, ఆగకుండా. ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉంది. నేను గట్టిగా పట్టుకున్నాను. ఎక్కువైంది.

కొనేవాడు చెవి ఒగ్గి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"కార్బురేటర్ పోయిందమ్మా. విన్నారుగా, నిలకడ లేదు. ఇది మార్చాలంటే పెద్ద పని. బండి లోపల దెబ్బతింది."

ఆయనకి నేనెవరో తెలియదు. అమ్మతో మాట్లాడలేదు. చెల్లెలితో మాట్లాడింది బండి గురించే. చూసినది బండిని, విన్నది శబ్దాన్ని. ఇంతకన్నా సంబంధం లేని సాక్షి నాకు దొరకడు.

అవునండీ కార్బురేటరే అంటే అయిపోయేది. ఆయన వెళ్ళిపోయేవాడు, నేను గెలిచిన దాన్ని గెలిచినట్టే ఉండేదాన్ని. మరిది కూడా అవును కార్బురేటరే అయి ఉంటుంది అన్నాడు, మంచి మనిషి.

కానీ ఆ బండి కార్బురేటర్ నేను పోయిన ఏడాది నా చేత్తో శుభ్రం చేశాను. అది ముప్పై ఏళ్ళుగా నాకు అబద్ధం చెప్పలేదు. వర్షంలో ఆగలేదు, కాల్పులు జరిగిన చోట ఆగలేదు. నా మూలంగా దాని మీద తప్పుడు వార్త పడడానికి వీల్లేదు.

చెయ్యి తీసేశాను. ఇంజన్ మళ్ళీ ఒకే వరసలో పడింది.

"చిన్నదానా, ఇలా రా. ఇది పట్టుకో. కొంచెం తిప్పి అలాగే ఉంచు."

"నాకు రాదక్కా."

"తిప్పి ఉంచడమే. రావడానికేముంది?"

చెల్లెలు భయం భయంగా పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ బండి మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి. తిప్పింది. శబ్దం పెరిగి, ఎక్కడ పెట్టిందో అక్కడ నిలబడింది. గీత గీసినట్టు నిలబడింది.

"కార్బురేటర్ బాగానే ఉంది," అన్నాను కొనేవాడితో. "నా చెయ్యి బాగాలేదు. వణుకుతోంది. నాలుగు నెలలుగా."

ఇంజన్ ఒక్కటే మాట్లాడుతోంది. చెల్లెలు యాక్సిలరేటర్ వదలడం మరిచిపోయి నా వైపు చూస్తోంది.

"తగ్గించు. పెట్రోలు దండగ," అన్నాను.

కొనేవాడు కళ్ళద్దాలు తీశాడు. "అయితే బండి బాగుందన్నమాట. ఎంతకిస్తారు?"

జవాబు చెల్లెలు చెప్పింది. "ఇవ్వదు. పందెం గెలిచింది. మీకు టీ తెస్తాను, కూర్చోండి."

టీ తాగాడు. నాది కూడా తెచ్చింది. నిండు కప్పు. కొంత ఒలికింది. తుడుచుకున్నాను.


బుధవారం

నరాల డాక్టరుకి రేపు సమయం ఇచ్చారు. నేనే ఫోన్ చేశాను. పందెంలో అది ఓడిపోతేనే. గెలిచి కూడా వెళ్తున్నానని చెల్లెలితో అన్నాను. రికార్డులో ఉంచుతానంది.

సాయంత్రం ఇంటి ముందు వీధిలో మొదటి పాఠం. నేను వెనక సీటు. ముప్పై ఏళ్ళలో ఆ సీటులో నేనెప్పుడూ కూర్చోలేదు, గట్టిగా ఉంటుందని ఇప్పుడు తెలిసింది. ఇంతకాలం కూర్చున్నవాళ్ళెవరూ చెప్పలేదు.

"క్లచ్ మెల్లగా వదులు."

"వదిలాను."

"అది వదలడం కాదు, పారేయడం."

ఆగిపోయింది. మళ్ళీ ఆగిపోయింది. సైలెన్సర్ తన షెడ్డు ముందు నిలబడి ఉచిత సలహాలు అరుస్తున్నాడు. అమ్మ గేటు పట్టుకుని, "ఒకత్తికి చెయ్యి వణుకు, ఇంకొకత్తికి కాలు వణుకు. బండి ఒక్కటే బాగుంది ఈ కొంపలో," అంది.

చివరికి వీధి మలుపు దాకా వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు చెల్లెలు గేటు స్తంభాన్ని గుద్దింది.

దిగి చూసి, చాలా సీరియస్‌గా, "లోపలికి వంగిందక్కా," అంది.


గురువారం

డాక్టరు చిన్న వయసు ఆవిడ. చేతులు చాపమంది. వేలితో ముక్కు తాకమంది. నీళ్ళ గ్లాసు పట్టుకోమంది. చెల్లెలు పక్కన కుర్చీలో, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జబ్బేమిటన్నది డాక్టరు ఇంకా చెప్పలేదు. పరీక్షలు రాసింది. మందులతో నెట్టుకురాగలిగే రకమే అయి ఉండొచ్చు అంది, అయి ఉండొచ్చు అనే అంది. నేనూ అంతే రాస్తున్నాను.

బండి నడపొచ్చా అని అడిగాను. ఇప్పుడు వద్దు, మందు వేశాక చూద్దాం అంది. చూద్దాం అంటే కాదు అని కాదు. అది చెల్లెలికి వినిపించేలా రెండోసారి అనిపించాను.

తర్వాత తెల్లకాగితం, పెన్ను ఇచ్చింది. గుండ్రంగా లోపలి నుంచి బయటికి ఒక చుట్ట గీయమంది. గీశాను. అంచులన్నీ రంపం పళ్ళలా వచ్చాయి. పెన్ను బాగుందో లేదో అడగలేదు.

"దాని కింద ఒక వాక్యం రాయండి. ఏదైనా సరే, మీ ఇష్టం."

కాసేపు ఆలోచించాను. వార్తకి మొదటి వాక్యం రాసేటప్పుడు ఆలోచించినంత. రాశాను. అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి. కొమ్ములు పక్క అక్షరాల మీద పడ్డాయి. నేను దిద్దలేదు, కొట్టేయలేదు. కాగితం తిప్పి ఆవిడ వైపు జరిపాను.

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరం చూసి, పైకి చదివింది.

"బండి అమ్మేది లేదు."

"చదవగలిగారు కదా," అన్నాను.